గర్భసంచిలో గడ్డలు తీయించుకున్నాను, బిడ్డ కోసం ఎన్నాళ్లు ఆగాలి?

ఈసారి ఉత్తరం భీమవరం దగ్గర చెరువుల మధ్య ఉన్న ఒక ఊరి నుంచి వచ్చింది. రాసినామెకు 34 ఏళ్లు, పెళ్లయి ఆరేళ్లు. పుట్టిల్లు పి.గన్నవరం వైపు ఒక లంక గ్రామం. భర్త రొయ్యల సాగు చేస్తారు. ఏడు పేజీల ఉత్తరం. ఆనవాళ్లు తీసేసి, అసలు సంగతులు మాత్రం ఇక్కడ చెబుతాను.

మూడేళ్లుగా ఆమెకు నెలసరి ఎనిమిది తొమ్మిది రోజులు సాగేది. రాత్రిళ్లు పక్క మీద పాత చీర మడత వేసుకుని పడుకునేవారు. "అందరికీ ఉండేదే కదా అనుకున్నాను" అని రాశారు. ఒకరోజు డాబా మీద బట్టలు ఆరేసి వస్తూ కళ్లు తిరిగి పడిపోతే, రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 6.8 అని తేలింది. స్కాన్‌లో మూడు గడ్డలు కనబడ్డాయి, పెద్దది ఎనిమిది సెంటీమీటర్లు. మొదట చూసిన డాక్టరు గర్భసంచి తీసేయాలన్నారు. ఇంకా పిల్లల్లేరని చెబితే, ప్రాణం కంటే పిల్లలు ఎక్కువా అని కసిరారట. భార్యాభర్తలిద్దరూ ఒక రాత్రంతా కూర్చుని ఆలోచించుకుని మరో ఊళ్లో మరో ఆసుపత్రికి వెళ్లారు. అక్కడ రెండు యూనిట్ల రక్తం ఎక్కించి, పొట్ట కోసి, గర్భసంచిని ఉంచి గడ్డలు మాత్రం తీశారు. ఇది జరిగి ఐదు నెలలు.

ఇంట్లో అత్తగారికి మాత్రం అది ఇరవై నాలుగు గంటల నొప్పి, అంటే అపెండిక్స్ ఆపరేషన్ అని చెప్పారు. గర్భసంచి మీద కత్తి పడిందని తెలిస్తే ఇక ఈ కోడలికి పిల్లలు పుట్టరని తేల్చేస్తారన్న భయం. ఆవిడ రెండో రోజు ఆసుపత్రికి వచ్చారు, పెద్దగా ఏమీ అడగలేదు. నలభై రోజులు బరువు ఎత్తనివ్వకుండా, కాయం ముద్ద, వెల్లుల్లి కారం, పాత బియ్యం అన్నం పెట్టి చూసుకున్నారు.

ఇప్పుడు చిక్కు ఏమిటంటే, ఆపరేషన్ చేసిన డాక్టరు ఆరు నెలలు ఆగితే చాలన్నారు. ఇంకొకరు ఏడాది ఆగకపోతే గర్భసంచి చిట్లుతుందన్నారు. మూడో చోట స్కాన్ తీసి, అప్పుడే 18 మిల్లీమీటర్ల కొత్త గడ్డ ఉంది, అది పెరిగేలోపు ఐవీఎఫ్‌కు రమ్మన్నారు, ఖర్చు కూడా చెప్పారు. హిమోగ్లోబిన్ ఇప్పుడు 9.6. అత్తగారు వచ్చే అమావాస్య తర్వాత పసరు మందు ఇచ్చే ఆయన దగ్గరికి తీసుకెళతానంటున్నారు. "ఎవరి మాట వినాలి? నా గర్భసంచి బిడ్డను మోయగలదా? అత్తయ్యగారికి చెప్పాలా, వద్దా? ముందే వెళ్లకుండా ఆలస్యం చేసింది నేనేనా?" అని ఉత్తరం ముగించారు.

అమ్మా,

చివరి ప్రశ్నకు ముందు జవాబిస్తాను, ఎందుకంటే మిగతావన్నీ దాని నీడలోనే రాశారు. ఆ గడ్డలు మీరు చేసిన తప్పు వల్ల రాలేదు. తిండి వల్లా, బరువులు మోయడం వల్లా, పెళ్లి ఆలస్యం కావడం వల్లా వచ్చాయని ఎవరు చెప్పినా నమ్మకండి. గర్భసంచి గోడ కండరంతో కట్టినది. ఆ కండరంలోని ఒక కణం దారి తప్పి, ఆడవాళ్ల హార్మోన్ల బలంతో ఉండలా పెరుగుతుంది. అదే ఫైబ్రాయిడ్. యాభై ఏళ్లు వచ్చేసరికి ఆడవాళ్లలో ఎక్కువ మందికి చిన్నదో పెద్దదో ఒకటి ఉంటుంది, చాలామందికి ఆ సంగతే తెలియదు. మన భాషలో ఇబ్బంది ఏమిటంటే సెగగడ్డకూ, నెలసరిలో పడే రక్తపు గడ్డకూ, దీనికీ, క్యాన్సర్‌కూ కూడా గడ్డ అనే ఒక్క మాటే వాడతాం. డాక్టరు నోట ఆ మాట రాగానే వినేవాళ్ల గుండె జారుతుంది. ఫైబ్రాయిడ్ క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారడం చాలా చాలా అరుదు. తీసిన గడ్డలను పరీక్షకు పంపి ఉంటారు. ఆ బయాప్సీ రిపోర్టు మీ చేతికి రాకపోతే అడిగి తీసుకోండి.

ఆలస్యం మాటంటారా, అది కొంత నిజమే. అయితే రక్తం పోవడం ఆడజన్మలో భాగమని మనకు నేర్పినవాళ్లందరికీ అందులో వాటా ఉంది. అదలా ఉంచి, మీరు చేసిన ఒక పనికి మెచ్చుకోవాలి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది అయితే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 మంది. దేశంలో అంత ఎక్కువ మరెక్కడా లేదు. ముప్పయ్యేళ్లకు పైగా ఈ గోదావరి జిల్లాల్లోనే వైద్యం చేశాను. "తీయించేస్తే ఓ పనైపోతుంది" అనే మాట ఆడవాళ్ల నోటా, డాక్టర్ల నోటా లెక్కలేనన్నిసార్లు విన్నాను. కొందరికి ఆ ఆపరేషన్ నిజంగా అవసరం. పిల్లలు కావాలనుకునే 34 ఏళ్ల మనిషికి మాత్రం అది మొదటి మాటగా రాకూడదు. రెండో డాక్టరును అడగాలని మీ ఇద్దరికీ తోచడం వల్లే ఈ రోజు ఈ ఉత్తరం రాయగలిగారు.

ఇక ముగ్గురు డాక్టర్లు, మూడు గడువులు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పి ఉండకపోవచ్చు. మీరు లంకలో పుట్టిన మనిషి కాబట్టి మీకు అర్థమయ్యేలా చెబుతాను. వరదకు ఏటిగట్టు పైపైన చెక్కుకుపోతే ఒక తీరు, అడుగు దాకా తెగి గండి పడితే ఒక తీరు. రెండింటినీ పూడుస్తారు. కానీ పూడ్చిన మట్టి కుదురుకోవడానికి పట్టే కాలం ఒకటి కాదు, తర్వాతి వరదకు ఏ చోట కాపలా పెట్టాలన్నదీ ఒకటి కాదు. గర్భసంచి గోడ కూడా అంతే. గడ్డ బయటి వైపు కాడతో వేలాడుతుంటే దాన్ని తీసినా గోడకు పెద్దగా దెబ్బ తగలదు. గోడ మధ్యలో ఉంటే గోడను చీల్చి, తీసి, పొరలు పొరలుగా కుట్టాలి. లోపలి పొర దాకా చొచ్చుకుపోయి ఉంటే బిడ్డ పెరిగే గది కూడా తెరుచుకుంటుంది. స్కాన్ రిపోర్టుల్లో టైప్ 2, టైప్ 4 అని రాసేది ఈ లోతునే. ప్రసూతి వైద్యుల అంతర్జాతీయ సమాఖ్య వీటికి 0 నుంచి 8 దాకా అంకెలు ఇచ్చింది. అంకె చిన్నదైతే గది లోపలికి దగ్గర, పెద్దదైతే బయటికి దగ్గర.

కాబట్టి మీ ప్రశ్నకు జవాబు ఏ డాక్టరు నోట్లోనూ లేదు, మీ ఆపరేషన్ కాగితంలో ఉంది. డిశ్చార్జి సమ్మరీ అని చేతికిచ్చే ఒక పేజీ చాలదు. ఆపరేషన్ నోట్స్ కావాలి. అందులో ఎన్ని గడ్డలు, ఎంత పెద్దవి, ఏ వైపు గోడలోవి, లోపలి గది తెరుచుకుందా లేదా, ఎన్ని పొరలుగా కుట్టారు అన్నవి ఉంటాయి. రాసి అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళిలోనే ఉంది, మూడేళ్లపాటు భద్రపరచాలనీ ఉంది. గొడవ పెట్టుకోనక్కర్లేదు. "మళ్లీ గర్భం కోసం చూస్తున్నామండీ, ఆ కాగితం లేకుండా ఎవరూ సలహా చెప్పలేమంటున్నారు" అంటే చాలు, మామూలుగా ఇస్తారు. ఇచ్చాక మీ ఫోనులో, మీవారి ఫోనులో, మీ అమ్మగారింట్లో ఎవరో ఒకరి ఫోనులో దాని ఫోటో ఉండాలి. ఎందుకో చివర్లో చెబుతాను.

ఆ కాగితంలో గడ్డలన్నీ బయటి వైపువే, గది తెరుచుకోలేదు అని ఉంటే ఐదు నెలలు గడిచిపోయాయి కాబట్టి మీరు దాదాపు సిద్ధంగా ఉన్నట్టే. అప్పుడు ఏడాది ఆగడం వల్ల వచ్చే లాభం తక్కువ, పోయే వయసు ఎక్కువ. ఎనిమిది సెంటీమీటర్లది గోడ మధ్యలోది, లోతుగా చీల్చారు అని ఉంటే ఆరు నెలలు కనీసం అనుకోండి. గది కూడా తెరుచుకున్నా, రెండు మూడు చోట్ల లోతైన కోతలు పడినా తొమ్మిది నెలల నుంచి ఏడాది దాకా ఆగమనే డాక్టర్లున్నారు, వారి జాగ్రత్త అర్థం చేసుకోదగినదే. సరిగ్గా ఇన్ని నెలలే అని తేల్చిచెప్పిన గట్టి అధ్యయనమేదీ లేదు. మూడు నుంచి ఆరు నెలలన్నది ఎక్కువమంది పాటించే లెక్క. మిగతాదంతా మీ గోడను చేత్తో పట్టుకుని కుట్టిన మనిషి అంచనా. అందుకే మూడు అభిప్రాయాల్లో ఆపరేషన్ చేసిన డాక్టరు మాటకు నేను కాస్త ఎక్కువ తూకం వేస్తాను. అయితే "ఎందుకు ఆరు నెలలు?" అని ఒక్కసారి అడగండి. మీ కోత లోతు చెప్పి జవాబిస్తే నమ్మండి. అందరికీ అదే చెబుతాం అంటే కాగితం తీసుకుని ఇంకొకరికి చూపించండి. ఈలోపు కండోమ్ వాడండి. మొహమాటపడే మాట కాదిది, ఆగమన్న కాలంలో అనుకోకుండా గర్భం వస్తే ఆ తొమ్మిది నెలలూ భయంతోనే గడుస్తాయి.

ఆగడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు. మీ ఉత్తరంలో నన్ను ఆశ్చర్యపరిచిన విషయం ఒకటి ఉంది. ఆరేళ్లు, నాలుగు ఆసుపత్రులు, ఏడు పేజీలు; ఎక్కడా మీవారికి వీర్య పరీక్ష చేసిన మాట లేదు. ఆయన వద్దన్నారని కూడా మీరు రాయలేదు. బహుశా ఎవరూ అడగనే లేదు. స్కాన్‌లో గడ్డ కనబడగానే కారణం దొరికిందని అందరూ ఆగిపోయారు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కూడా ఏదో ఒక కారణం ఉంటుంది. భార్యకు గడ్డలున్నంత మాత్రాన భర్తకు లోపం ఉండకూడదన్న నియమం లేదు. అది చవకైన పరీక్ష, కోతా కుట్టూ లేనిది. రెండు నుంచి ఏడు రోజులు కలయిక లేకుండా ఉండి నమూనా ఇవ్వాలి. రిపోర్టు బాగా లేకపోతే కొన్ని వారాల తర్వాత మళ్లీ ఒకసారి చేయించాలి, ఒక్క రిపోర్టుతో దిగులు పడకూడదు. మీ పక్కన ఆ రాత్రంతా కూర్చున్న మనిషి దీనికి కాదంటారని నేననుకోను.

మీకు చేయాల్సినవి రెండు. ఫెలోపియన్ నాళాలు తెరిచి ఉన్నాయో లేదో చూసే హెచ్‌ఎస్‌జీ పరీక్ష ఒకటి. పొట్ట కోసి చేసిన ఆపరేషన్ తర్వాత లోపల అతుకులు పడి నాళాలు మూసుకోవడం ఉంటుంది, గది లోపలి గోడలు ఒకదానికొకటి అంటుకున్నా ఇందులోనే తెలుస్తుంది. నెలసరి ఆగాక, పదో రోజు లోపల చేస్తారు. కాస్త నొప్పిగా ఉంటుంది, తోడు ఒకరిని తీసుకెళ్లండి. రెండోది ఏఎంహెచ్ రక్తపరీక్ష, అండాల నిల్వ గురించి ఒక అంచనా ఇస్తుంది. అది తక్కువగా ఉందంటే గర్భం రాదని కాదు, ఎక్కువ నెలలు ఆగకూడదని.

హిమోగ్లోబిన్ 9.6 దగ్గర గర్భం మొదలుపెట్టకండి. మీకు సిజేరియన్ అయ్యే అవకాశం ఎక్కువ, అందులో పోయే రక్తానికి ముందే సిద్ధపడాలి. కనీసం 11, వీలైతే 12 దాకా తీసుకెళ్లండి. ఐరన్ మాత్ర వేసుకున్నాక గంటన్నర, రెండు గంటలు కాఫీ, టీ ముట్టకండి. మాత్రలు పడకపోతే నరం ద్వారా ఎక్కించే ఐరన్ ఉంది, డాక్టరును అడగండి. మునగాకు, చిన్న చేపలు, బెల్లం అన్నీ మంచివే కానీ ఇంత లోటును అవి ఒక్కటే పూడ్చలేవు. ప్రయత్నం మొదలుపెట్టే నెల ముందు నుంచైనా ఫోలిక్ యాసిడ్ వేసుకోండి.

ఆ 18 మిల్లీమీటర్ల గడ్డ గురించి. రెండు విషయాలున్నాయి. ఆపరేషన్ తర్వాతి తొలి నెలల్లో స్కాన్ చేస్తే, కుట్టిన చోట గట్టిపడిన కండరం కూడా గడ్డలాగే కనబడుతుంది. కాబట్టి అది గడ్డే అని ఇప్పుడే ఖాయం చేయలేం. నిజంగా గడ్డే అయినా, గది లోపలికి తోసుకురాకుండా గోడలోనో బయటి వైపో ఉంటే అంత చిన్నదాన్ని తీయరు. దానితోనే గర్భం దాలుస్తారు, కంటారు. ఐదేళ్లలో దాదాపు సగం మందికి స్కాన్‌లో మళ్లీ ఏదో ఒకటి కనబడుతుంది, వారిలో మళ్లీ ఆపరేషన్ దాకా వెళ్లేది కొద్దిమందే. దాని కోసం రెండో కోత పెట్టించుకుంటే గోడ మీద ఇంకో గండి, ఇంకో ఆరు నెలలు. గది లోపలికి ఉబ్బి ఉందని తేలితే మాత్రం సంగతి వేరు. దాన్ని పొట్ట కోయకుండా కింది నుంచి కెమెరాతో తీయవచ్చు, ఆ తర్వాత ఒకటి రెండు నెలలు ఆగితే సాధారణంగా సరిపోతుంది. మూడు నెలల తర్వాత మళ్లీ ఒక స్కాన్, వీలైతే మొదట స్కాన్ చేసిన చోటే చేయించి పోల్చమనండి.

గడ్డను కుదించే ఇంజెక్షన్ల గురించి కూడా అడిగారు. అవి నెలసరిని ఆపి గడ్డను కొంత చిన్నది చేస్తాయి. ఆపగానే గడ్డ మళ్లీ పెరుగుతుంది, వాడినన్నాళ్లు గర్భం రాదు. ఇంత చిన్న గడ్డకు మీ వయసులో ఆ నెలలు ఖర్చుపెట్టడం నాకు ఇష్టం లేదు. గడ్డకు వెళ్లే రక్తనాళాన్ని మూసేసే పద్ధతి ఇంకొకటి ఉంది. పిల్లలు కావాలనుకునేవారికి దాన్ని సాధారణంగా మొదటి దారిగా చెప్పరు.

ఐవీఎఫ్ తప్పు దారి కాదు. కానీ దానికి కారణం ఉండాలి. గడ్డ ఉందనేది కారణం కాదు. నాళాలు రెండూ మూసుకుపోయినా, వీర్యకణాలు బాగా తక్కువగా ఉన్నా, అండాల నిల్వ బాగా పడిపోయినా అప్పుడు నేరుగా ఐవీఎఫ్ గురించి మాట్లాడదాం. అలాంటి సందర్భంలో ఒక మధ్యే మార్గం కూడా ఉంది. గోడ మానే నెలల్లోనే అండాలు తీసి, పిండాలు తయారుచేసి శీతలంలో భద్రపరచి, గడువు తీరాక గర్భసంచిలో పెట్టడం. వయసు కొంత కలిసొస్తుంది, ఖర్చు ముందే పెట్టాలి, పెట్టిన పిండం ప్రతిసారీ నిలుస్తుందన్న హామీ లేదు. పరీక్షలన్నీ బాగుంటే, గడువు తీరాక ఆరు నెలలు ఇంట్లోనే ప్రయత్నించడం సబబు. సాధారణంగా 35 లోపు వారికి ఏడాది ఆగమంటారు. మీరు ఇప్పటికే ఆరేళ్లు ఎదురుచూశారు, 35 గడప దగ్గర ఉన్నారు, అందుకే ఆరు అన్నాను. సంతానం కోసం చేసే ఇలాంటి చికిత్సల మీద 2021లో వచ్చిన చట్టం ఐవీఎఫ్‌కు స్త్రీకి 50 ఏళ్ల దాకా అనుమతినిస్తుంది, అంటే వచ్చే నెలే తలుపు మూసేసే తొందరేమీ లేదు. చట్టానికున్న ఓపిక అండానికి లేదనుకోండి, అది వేరే మాట. వెళ్లే కేంద్రం ఆ చట్టం కింద నమోదైందో లేదో మాత్రం అడిగి తెలుసుకోండి. పరీక్షలేవీ చూడకుండా ఖర్చు ముందు చెప్పిన చోటుకు నేనైతే రెండోసారి వెళ్లను.

పసరు మందుకు వెళ్లకండి. అందులో ఏముందో ఇచ్చేవారు చెప్పరు, కాలేయం పాడై వచ్చిన ఆడవాళ్లను నేను చూశాను. "డాక్టరు ఐరన్ మందు ఇచ్చారు, రెండూ కలిపి వాడొద్దన్నారు" అని చెప్పండి. అది అబద్ధం కూడా కాదు, నేను ఇప్పుడే అంటున్నాను.

మీ గర్భసంచి మోయగలదా అన్నారు. గడ్డలు తీయించుకున్నాక గర్భం దాల్చినవారిలో కుట్టిన చోట చిట్లేది నూటికి ఒక్కరి కంటే తక్కువ. తొంభై తొమ్మిది మందికి పైగా అలాంటిదేమీ లేకుండా కంటారు. కానీ ఆ ఒక్కటి జరిగినప్పుడు గంటలు కాదు, నిమిషాలు లెక్క. అది నొప్పులు వచ్చాకే జరుగుతుందనీ లేదు, ఏడో నెల తర్వాత ఎప్పుడైనా జరగవచ్చు. అందుకే లోతైన కోత ఉన్నవారికి నొప్పుల దాకా ఆగకుండా, 37 వారాల ప్రాంతంలో రోజు చూసి సిజేరియన్ చేస్తారు. పైపైన తీసినవారికి మామూలు కాన్పు ప్రయత్నించవచ్చు, అదీ రక్తం, మత్తు డాక్టరు, ఆపరేషన్ గది రాత్రీపగలూ సిద్ధంగా ఉన్న ఆసుపత్రిలోనే. అయిదో నెలలో బిడ్డ అవయవాలు చూడటానికి చేసే టిఫా స్కాన్‌లో మాయ ఎక్కడ అతుక్కుందో ప్రత్యేకంగా చూడమనండి. కుట్టు ఉన్న చోటే మాయ లోతుగా పాతుకుపోయి ఉంటే కాన్పు ఇంకా పెద్ద బోధనాసుపత్రిలో జరగాలి.

ఇక్కడ మీ పుట్టింటి మాట వస్తుంది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలని మీ అమ్మగారు ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో తీసుకెళ్లడానికి వస్తారు. సంక్రాంతి ప్రాంతంలో నెల తప్పిందనుకోండి, మీ చివరి నెలలు సరిగ్గా గోదావరి వరదల్లోకి వస్తాయి. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల పరిస్థితి మీకు నేను చెప్పాలా? 108 రేవు దాకానే వస్తుంది, నీళ్ల మీదికి రాదు. వరద లేని రోజుల్లో కూడా రాత్రి పడవ కోసం కేకలు వేసే ఊరి నుంచి ఈ కాన్పు జరగకూడదు. గర్భం ఏ నెలలో రావాలో మనం నాట్ల ముహూర్తంలా పెట్టుకోలేం. కాన్పు ఎక్కడో మాత్రం ముందే పెట్టుకోగలం. సీమంతం పుట్టింట్లో చేసుకోండి, ఏడో నెల నిండేసరికి అత్తవారింటికి తిరిగి రండి. లేదా మీ అమ్మగారే ఆసుపత్రి ఉన్న ఊళ్లో చిన్న గది అద్దెకు తీసుకుని మీతో ఉండేలా చూసుకోండి. రెండోదానికి ఖర్చు ఉంది, అమ్మ పక్కన ఉంటుంది. మొదటిదానికి ఖర్చు లేదు, కానీ అప్పుడు మీ పక్కన ఉండేది అత్తగారు.

అందుకే ఆ రహస్యం గురించి మాట్లాడకుండా ఈ ఉత్తరం ముగించలేను. మీరు దాన్ని పరువు సంగతిగా రాశారు. నాకది వైద్యం సంగతిగా కనబడుతోంది. రొయ్యల సాగు చేసేవాళ్ల రాత్రులు నాకు తెలుసు. తెల్లవారుజామున నీళ్లలో ప్రాణవాయువు పడిపోతుందని ఏరేటర్లు చూసుకుంటూ మీవారు చెరువు గట్టునే ఉంటారు. ఎనిమిదో నెలలో ఆ వేళ మీకు కడుపులో తగ్గని నొప్పి వచ్చిందనుకోండి. కళ్లు తిరుగుతున్నాయి, బిడ్డ కదలడం లేదు, లేదా రక్తం కనబడింది. ఇంట్లో ఉండేది అత్తగారు ఒక్కరే. ఇరవై నాలుగు గంటల నొప్పి ఆపరేషన్ మాత్రమే జరిగిందని నమ్మే మనిషి ఆ నొప్పికి ఏం చేస్తారు? వాము నీళ్లు కాచి ఇస్తారు, తెల్లారాక చూద్దామంటారు. గర్భసంచికి కోత పడిందని తెలిసిన మనిషైతే ముందు 108కి ఫోను చేస్తారు, ఆపరేషన్ కాగితం ఫోటో డాక్టరుకు చూపిస్తారు.

ఎలా చెప్పాలన్నది మీ ఇష్టం. మీరిద్దరూ కూర్చుని మొత్తం చెప్పవచ్చు. కొన్నాళ్లు ముఖం ముడుచుకుంటారు, చెప్పకుండా దాచారన్న బాధ గడ్డ కంటే పెద్దదవుతుంది, ఆ మాటలు పడాలి. మీవారు ఒక్కరే ముందు చెప్పవచ్చు. కొడుకు చెబితే కోపం సగం ఆయన మీదికి పోతుంది, కాకపోతే "నీ పెళ్లామే చెప్పించింది" అనే మాట ఎప్పటికో ఒకప్పుడు వినబడుతుంది. గర్భం నిలిచాక మూడో నెలలో, డాక్టరు గదిలో, డాక్టరు నోటితోనే చెప్పించవచ్చు. చాలామంది కోడళ్లు నా చేత అలాగే చెప్పించారు, తెల్లకోటు మాటకు మన ఇళ్లలో ఎదురు తక్కువ. అప్పటిదాకా దాచడం మాత్రం మీ మీదే భారం, పసరు మందు లాంటివి ఇంకా వస్తూనే ఉంటాయి. ఏమీ చెప్పకపోవడం కూడా ఒక దారే. ఆ దారి ఎంచుకుంటే ఏడో నెల నుంచి రాత్రిళ్లు ఇంట్లో సంగతి తెలిసిన ఇంకొక పెద్దమనిషి ఉండి తీరాలి, ఆ ఏర్పాటు మీరు చేసుకోగలరా అన్నది చూసుకోండి.

నాకు మాత్రం ఒక అనుమానం ఉంది, తప్పయితే క్షమించండి. ఇరవై నాలుగు గంటల నొప్పి ఆపరేషన్ గాటు కుడివైపు కింద, చిన్నగా ఉంటుంది. మీది పొత్తికడుపు మీద అడ్డంగా ఉంటుంది. మీవారిని కని పెంచిన మనిషి, నలభై రోజులు మిమ్మల్ని దగ్గరుండి చూసుకున్న మనిషి అది చూడలేదా? ఆసుపత్రికి వచ్చి ఏమీ అడగలేదన్నారు. ఇంటికి తీసుకొచ్చి కాయం ముద్ద, వెల్లుల్లి కారం, పాత బియ్యం పెట్టారన్నారు. అది ఇరవై నాలుగు గంటల నొప్పికి పెట్టే పథ్యం కాదమ్మా, బాలింతకు పెట్టేది. ఆపరేషన్ కాగితం తెచ్చుకున్న రోజు సాయంత్రం, వంటింట్లో మీరిద్దరే ఉన్నప్పుడు, "అత్తయ్యగారూ, నాకప్పుడు కాయం ఎందుకు పెట్టారు?" అని అడిగి చూడండి.